పసిబిడ్డ ఉన్న ఇంట్లో మందుల డబ్బా: ఏముండాలి, ఏం తీసేయాలి

ఆన్‌లైన్‌లో బేబీ ఫస్ట్ ఎయిడ్ కిట్ అని వెతికితే ప్లస్ గుర్తున్న ఎర్ర సంచీలు వరసగా కనిపిస్తాయి. యాభై వస్తువులు, ఎనభై వస్తువులు అని గొప్పగా రాసి ఉంటుంది. విప్పి చూస్తే సగం బ్యాండ్ ఎయిడ్‌లే. మిగతావి సేఫ్టీ పిన్నులు, క్రేప్ బ్యాండేజీ, స్పిరిట్‌లో తడిపిన కాగితాలు. ఇంకా బోర్లా కూడా పడని బిడ్డకు మడమ బెణికితే చుట్టే బ్యాండేజీ ఎందుకో అమ్మినవాళ్ళకే తెలియాలి. బ్యాండ్ ఎయిడ్ అయితే ఏకంగా ప్రమాదమే. పాకే వయసులో వేలికి అంటిస్తే అది కాసేపట్లో ఊడి నోట్లోకి చేరుతుంది.

ఏడాదిలోపు పిల్లలకు వచ్చే ఇబ్బందులు వేరు. జ్వరం, విరేచనాలు, ముక్కు దిబ్బడ, వేడినీళ్ళు పడి కాలడం, గొంతులో ఏదో అడ్డం పడటం, కంటికి కనిపించిందల్లా నోట్లో పెట్టుకోవడం. వీటికి కావలసిన సామాను చెప్పుల డబ్బాలో సగం కూడా నిండదు. అసలు పని రెండు చోట్ల ఉంది. ఆ కొద్ది వస్తువుల మీద రాసిన అంకెలు సరిగ్గా చదవడం ఒకటి. ఇంట్లో ఇప్పటికే పోగుపడి ఉన్న సీసాల్లో పసివాళ్ళకు పనికిరానివి బయటికి తీయడం రెండోది. కొత్త తల్లిదండ్రులు ఎక్కువగా కొనడం మీదే దృష్టి పెడతారు. బిడ్డకు హాని జరిగేది మాత్రం చాలాసార్లు ఈ రెండు పనులు చేయకపోవడం వల్లే.

జ్వరం: ముందు అంకె, తర్వాతే మందు

డబ్బాలో మొదట పెట్టాల్సింది మామూలు డిజిటల్ థర్మామీటర్. పాత పాదరసం థర్మామీటర్ ఉంటే తీసేయండి, పగిలితే అదో గొడవ. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన నుదుటి గన్ చెమటకు, గది వేడికి, ఫ్యాను గాలికి మారిపోతుంటుంది. బిడ్డ విషయంలో దాని మాట ఆఖరి మాట కాదు. చెయ్యి పెట్టి చూడటం కూడా అంతే. "ఒళ్ళు కాలిపోతోంది" అన్న మాట విని డాక్టరు ఏమీ తేల్చలేరు, అంకె చెబితే తేల్చగలరు.

థర్మామీటర్ కొనను పొడి చంకలో పెట్టి, చేతిని ఒంటికి ఆనించి, బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. చాలాచోట్ల రాసే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, మలద్వారం దగ్గర కొలిచినప్పటి లెక్క. చంకలో అంతకంటే కాస్త తక్కువే చూపిస్తుంది. అందుకే మన దేశంలో ఏఎన్‌ఎంలకు నేర్పే పద్ధతిలో రెండు నెలల లోపు బిడ్డకు చంకలో 37.5, అంటే 99.5 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే జ్వరంగా లెక్కిస్తారు. మూడు నెలల దాకా ఇదే గీత పెట్టుకున్నా నష్టం లేదు. ఒక్క జాగ్రత్త. మే నెలలో కూడా టోపీ, స్వెటరు, రెండు దుప్పట్లు చుట్టే ఇళ్ళు మనవి. ముందు అవన్నీ వదులు చేసి, పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. అప్పటికీ గీత దాటి ఉంటే అర్ధరాత్రి అయినా బయల్దేరాల్సిందే.

ఆ వయసులో ఇంట్లోనే పారాసిటమాల్ పోసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. అంత చిన్న పిల్లల్లో రక్తంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు లాంటివి మొదట్లో జ్వరం తప్ప మరే గుర్తూ చూపించకపోవచ్చు. మందు ఆ ఒక్క గుర్తునూ చెరిపేస్తుంది. ఒళ్ళు చల్లబడటం కూడా అంతే తీవ్రమైన సంగతి. చంకలో 95.9 కంటే తక్కువ, అంటే 35.5 సెల్సియస్ కంటే తక్కువ ఉంటే బిడ్డను ఎదకు హత్తుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల తర్వాత వచ్చే జ్వరం సంగతి వేరు. దానికి ఎంత పొయ్యాలో సూది వేసిన చోటే, ఆ రోజు బరువు చూసి, కాగితం మీద రాయించుకోండి. ఒంట్లో బాగాలేక వచ్చిన జ్వరానికి ఆ కాగితం వాడకండి.

మూడు నెలలు దాటిన బిడ్డకు పారాసిటమాల్ ఇంట్లో ఉండాలి. ఇక్కడే అసలు చిక్కు. మన మెడికల్ షాపుల్లో ఇదే మందు కనీసం మూడు బలాల్లో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. మామూలు సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125, అంటే మిల్లీలీటరుకు 25. పెద్దపిల్లల సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 250, అంటే మిల్లీలీటరుకు 50. సీసాలు చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పేరూ అదే, రంగూ అదే, వాసనా అదే.

డోసు కట్టేది వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు చొప్పున ఒకసారికి. ఆరు కిలోల బిడ్డకు 90 మిల్లీగ్రాములు కావాలి. చుక్కల మందులో అది 0.9 మిల్లీలీటర్లు, 125 సిరప్‌లో 3.6, 250 సిరప్‌లో 1.8. ఇప్పుడు ఒక సన్నివేశం ఊహించండి. పోయినసారి సిరప్ మూడున్నర పోశారని అమ్మమ్మకు గుర్తుంది. ఆ సీసా అయిపోయింది. ఈసారి షాపతను చుక్కల మందు ఇచ్చాడు. అదే కొలత పోస్తే బిడ్డ ఒంట్లోకి దాదాపు 360 మిల్లీగ్రాములు వెళతాయి. అంటే రోజు మొత్తానికి ఉన్న గరిష్ఠ పరిమితి, కిలోకు 60 మిల్లీగ్రాములు, ఒక్క గుక్కలో అయిపోయినట్టు. ఆరు గంటలకోసారి అదే పోస్తూ పోతే కాలేయం దెబ్బతింటుంది. ఇందులో ఎవరి అజాగ్రత్తా లేదు, పోసిన వాళ్ళకు కొలత సరిగ్గానే గుర్తుంది. మారింది సీసా.

కాబట్టి ఇంట్లో పారాసిటమాల్ ఒకే బలంలో, ఒకే సీసా ఉండాలి. సీసా మీద మార్కర్‌తో "కిలోలు, మిల్లీలీటర్లు, తారీఖు" మూడూ రాయాలి. కొలవడానికి సూది లేని సిరంజి, ఒక మిల్లీలీటరుది ఒకటి, ఐదుది ఒకటి చాలు. ఇంట్లో చెంచాలు ఒక్కోటీ ఒక్కో లోతు. ఒక మందు సీసాతో వచ్చిన డ్రాపర్‌ని ఇంకో మందుకు వాడకూడదు, దాని గీతలు ఆ మందు కోసమే కొట్టినవి. మందును బుగ్గ లోపలి వైపుకు కొద్దికొద్దిగా వదలాలి. ముక్కు మూసి పోయడం అనే పాత అలవాటు వల్ల మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

డోసుకూ డోసుకూ మధ్య ఆరు గంటలు ఉంటే మంచిది, నాలుగు కంటే తక్కువ ఎప్పుడూ వద్దు. రోజుకు నాలుగు సార్లు మించకూడదు. థర్మామీటర్ 101 చూపించినా బిడ్డ ఆడుకుంటూ, పాలు తాగుతూ ఉంటే మందు పొయ్యకపోయినా ఏమీ కాదు. మందు బిడ్డ నలతను తగ్గించడానికి, అంకెను దించడానికి కాదు. జ్వరంలో ఫిట్స్ రాకుండా పారాసిటమాల్ ఆపుతుందని చాలామంది నమ్మకం. ఆపదు. ఒకవేళ ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడాలి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవి, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే వెంటనే తగ్గినా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

విదేశాల్లో పిల్లలున్నవాళ్ళకు ఇంకో మాట. పురిటికి సాయం వెళ్ళే అమ్మమ్మలు, నానమ్మలు సూట్‌కేసులో ఆవకాయ పక్కనే చుక్కల మందు కూడా సర్దుతారు. అమెరికాలో పసిపిల్లల పారాసిటమాల్, అక్కడి పేరు అసిటమినోఫెన్, ఐదు మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు. అంటే మిల్లీలీటరుకు 32. బ్రిటన్‌లో ఐదుకు 120. అక్కడ కూడా ఒకప్పుడు పసివాళ్ళ చుక్కలు గాఢంగానే ఉండేవి. తికమకతో డోసులు తప్పుతున్నాయని 2011లో అమెరికాలో తయారీదారులు ఒకే బలానికి మారిపోయారు. మన దగ్గర ఇంకా మారలేదు. ఇక్కడి సీసా, అక్కడి కొలత కలిస్తే మళ్ళీ పైన చెప్పిన లెక్కే.

చివరగా లేబుల్ మీద మందు పేరు ఒకటే ఉండాలి. "ప్లస్" అని, రెండు పేర్లు కలిపి ఉంటే ఏడాదిలోపు బిడ్డకు సొంతంగా వాడేది కాదు. ఆస్పిరిన్ పిల్లలకు పూర్తిగా నిషిద్ధం. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వాడకుండా కేంద్రం 2011లోనే ఆపేసింది. ఇబుప్రొఫెన్ ఆరు నెలల లోపు వద్దు. మెఫనమిక్ యాసిడ్ సిరప్ మన ఊళ్ళల్లో జ్వరం ఎంతకీ దిగకపోతే ఇచ్చే "స్ట్రాంగ్ మందు"గా పేరు తెచ్చుకుంది. వానాకాలం డెంగీ రోజుల్లో ఈ చివరి రెండూ రక్తస్రావం ముప్పును పెంచుతాయి. డాక్టరు చూసి రాస్తే వేరు, పక్కింటి వాళ్ళ సీసా అయితే వద్దు.

ఓఆర్‌ఎస్: నీళ్ళ కొలతే మందు

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన శరణార్థులతో బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ ఆసుపత్రి కిక్కిరిసింది. కలరాతో జనం చనిపోతున్నారు, ఎక్కించడానికి సెలైన్ చాలడం లేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు, అంటే ఓఆర్‌ఎస్, నోటితో తాగించి మరణాలను బాగా తగ్గించగలిగారు. 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ప్రకటించారు. పేగుల్లో చక్కెర, ఉప్పు సరైన పాళ్ళలో కలిసి ఉంటే నీటిని కూడా తమతో లోపలికి లాగుతాయి. పాళ్ళు తప్పితే పని చెయ్యదు. చక్కెర మరీ ఎక్కువైతే తలకిందులై ఒంట్లోంచే పేగుల్లోకి నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది.

డబ్ల్యూహెచ్‌ఓ 2002లో ఖాయం చేసిన పాళ్ళ ప్రకారం లీటరు నీళ్ళకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, మరో రెండు లవణాలు, మొత్తం 20.5 గ్రాములు. ఆ పెద్ద ప్యాకెట్ పూర్తిగా ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. ఇంట్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. బిడ్డ చిన్నది కదా అని గ్లాసుడు నీళ్ళలో ప్యాకెట్ అంతా వేస్తారు, లేదా కొద్దిగా పొడి చెంచాతో తీసి కలిపి మిగతాది మడిచి దాస్తారు. మొదటి పద్ధతిలో ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరిగిపోతుంది. రెండో పద్ధతిలో ఏ చెంచాలో ఎంత ఉప్పు వచ్చిందో ఎవరికీ తెలియదు. పసిబిడ్డ ఉన్న ఇంటికి 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కొనడం తెలివైన పని. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి.

ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒక్కో విరేచనానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, నిమిషానికో చెంచా చొప్పున. కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా. పాలు, అన్నం ఆపొద్దు. ఆరు నెలల లోపు వాళ్ళకు ముఖ్యమైన ద్రవం తల్లిపాలే. ఓఆర్‌ఎస్ ఎంత కావాలో డాక్టరు చెప్పాలి. జింక్ బిళ్ళ కూడా డబ్బాలో ఉండొచ్చు. ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20, పద్నాలుగు రోజులు. విరేచనాలు తగ్గాయని మూడో రోజే ఆపేయడం అందరూ చేసే పని. విరేచనాలు ఆపే మందులు మాత్రం పసివాళ్ళకు అసలు వద్దు.

టెట్రా ప్యాకుల గొడవ వేరే కథ. ఓఆర్‌ఎస్ అని పెద్దక్షరాలతో రాసి, లోపల పళ్ళరసంలా తియ్యగా ఉండే డబ్బాలు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు. వాటిలో చక్కెర డబ్ల్యూహెచ్‌ఓ లెక్కకు ఎన్నో రెట్లు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఎనిమిదేళ్ళ పాటు పోరాడారు. 2022లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ "ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాదు" అని చిన్నగా రాసి అమ్ముకోవచ్చంది. చివరకు 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వెసులుబాటు తీసేసి, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో పాత స్టాకు ఉంటే పెద్దవాళ్ళు తాగేయండి, బిడ్డకు వద్దు. గ్లూకోజ్ పొడి, బార్లీ నీళ్ళు, కూల్‌డ్రింకు కూడా దీనికి బదులు కావు.

బయటికి తీయాల్సినవి

మొదటిది దగ్గు మందు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో కోల్డ్‌రిఫ్ సిరప్ తాగి కిడ్నీలు పాడై ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. అందులో డైఇథలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక రసాయనం 48 శాతానికి పైగా తేలింది. ఆ కల్తీని తల్లిదండ్రులు రుచి చూసో, రంగు చూసో కనిపెట్టలేరు. కానీ అసలు ఆ మందు అంత చిన్న పిల్లలకు అవసరమా అన్న ప్రశ్న మాత్రం మన చేతిలో ఉంది. అలాంటి, జలుబు తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందులు నాలుగేళ్ళ లోపు వాళ్ళకు వాడకూడదని సీసా మీద రాయాలని డ్రగ్స్ కంట్రోలర్ 2023 డిసెంబర్‌లోనే చెప్పారు. ఈ మరణాల తర్వాత, రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు రాయనూ కూడదు, ఇవ్వనూ కూడదు అని కేంద్ర ఆరోగ్య శాఖ సలహా ఇచ్చింది. ఇంకో సంగతి తక్కువమందికి తెలుసు. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. జలుబుకు అదీ, జ్వరానికి ఇదీ పోస్తే డోసు రెండింతలు.

ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు చాలు. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి కాసేపు ఆగితే బిడ్డ ఊపిరి తీసుకుంటూ తాగగలుగుతుంది. పెద్దవాళ్ళ ముక్కు చుక్కలు అదే సైజు సీసాలో వస్తాయి, అవి వేరే మందు. రెండూ ఒకే చోట పెట్టొద్దు. ఉప్పునీటి చుక్కల సీసాను మూత తీసిన నెలకు పారేయాలి.

పచ్చకర్పూరం, కర్పూరం, రొమ్ము మీద రాసే బామ్‌లు రెండోది. కర్పూరం పసివాళ్ళు మింగితే నిమిషాల్లో ఫిట్స్ తెప్పించగలదు. జలుబు చేసిందని మెడలో కర్పూరం మూట కట్టడం, రెండేళ్ళ లోపు వాళ్ళకు బామ్ రాయడం రెండూ మానాలి. బీరువాలో వేసే కలరా ఉండలు ఇంకా మోసం చేసే వస్తువు. ఏళ్ళ తరబడి వాటి మధ్య ఉన్న మెత్తటి పాత చీర తీసి ఉయ్యాల కట్టడం మనకు ముచ్చట. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డకు ఆ ఆవిరి తగిలినా చాలు, ఎర్ర రక్తకణాలు చితికి పచ్చకామెర్లు వస్తాయి. లోపం ఉందో లేదో పుట్టగానే తెలియకపోవచ్చు. చీరను ఉతికి రెండు రోజులు ఎండలో వేస్తే సరిపోయే పని, కానీ ఎవరూ గుర్తుచేయరు.

ఇక పెద్దలతో వాదన వచ్చే జాబితా. ఆముదం పట్టడం, వస పొయ్యడం, నాలుక మీద తేనె రాయడం, చెవుల్లో నూనె, బొడ్డు మీద పసుపు, సాంబ్రాణి పొగ. ప్రేమతో చేసేవే అన్నీ. తేనె ఏడాది లోపు ఎందుకు వద్దంటే అందులో ఉండగల ఒక క్రిమి పసిపేగుల్లో విషం తయారుచేసి కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. నూనె పొరపోతే ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. బొడ్డు పొడిగా వదిలేస్తే దానంతటదే ఊడుతుంది. సాంబ్రాణి గదిలో కాకుండా తులసికోట దగ్గర వేసుకుంటే అత్తగారికీ సంతోషం, బిడ్డకూ ఊపిరి. అన్నిటి మీదా యుద్ధం ప్రకటిస్తే ఏదీ నెగ్గరు. నోట్లోకి, ముక్కులోకి, బొడ్డు మీదకు వెళ్ళేవి ఆపగలిగితే మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్‌లు కూడా పారేయాలి. నీళ్ళు కలిపాక చాలావాటికి వారం రోజులే ఆయుష్షు.

కాలినా, కరిచినా, మింగినా

కాలిన గాయానికి డబ్బాలో మందే అక్కర్లేదు, కుళాయి కావాలి. స్నానానికి పెట్టిన వేడినీళ్ళ బకెట్, అంచున పెట్టిన టీ గ్లాసు, లాగితే మీద పడే రసం గిన్నె. ఇవే ఎక్కువ. పడిన వెంటనే బట్టలు తీసి, అంటుకున్న వాటిని లాగకుండా, ధారగా పడే మామూలు నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. బిడ్డ ఏడుపు చూస్తూ ఇరవై నిమిషాలు నిలబడటం కష్టం, అయినా టైము చూసుకోండి. మిగతా ఒళ్ళు చల్లబడకుండా తువ్వాలు కప్పండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, దోసెపిండి, నెయ్యి వద్దు. అవి వేడిని లోపలే బంధిస్తాయి, ఆసుపత్రిలో వాటిని గీకి తీసేటప్పుడు బిడ్డ రెండోసారి నరకం చూస్తుంది. తర్వాత వంటింటి క్లింగ్ ఫిల్మ్ గానీ ఉతికిన నూలుబట్ట గానీ వదులుగా కప్పి తీసుకెళ్ళాలి.

చిన్న గీతలకు సబ్బు, నీళ్ళు, గాయాలకు కట్టే స్టెరైల్ గాజ్ (పలుచటి నూలుబట్ట), మైక్రోపోర్ టేపు. దూది వద్దు, పోగులు గాయానికి అంటుకుంటాయి. నెలల పసివాళ్ళకు అయోడిన్ మందు కూడా సొంతంగా వాడకండి, అది చర్మంలోంచి ఇంకి థైరాయిడ్ మీద ప్రభావం చూపగలదు. కుక్క కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో ధార కింద కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి. గాయంలో కారం, సున్నం పెట్టే పద్ధతి ఇంకా పోలేదు. దానివల్ల గాయం రేగుతుందే తప్ప వైరస్ పోదు.

గొంతుకు అడ్డం పడినప్పుడు డబ్బా అసలు గుర్తే రాదు, చేతులే కావాలి. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే, ఏడుస్తుంటే దగ్గనివ్వండి. శబ్దమే రాకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు రెక్కల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. మళ్ళీ దెబ్బలు. ఏడాది లోపు వాళ్ళకు పొట్ట మీద నొక్కకూడదు, కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయకూడదు, కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు తిప్పకూడదు. ఇది చదివితే వచ్చే పని కాదు. టీకాకు వెళ్ళినప్పుడు నర్సును అడిగి బొమ్మ మీద ఒకసారి చేసి చూడండి.

మింగిన వాటిలో బటన్ బ్యాటరీది ప్రత్యేకమైన భయం. రిమోట్లు, పాటలు పాడే బొమ్మలు, ఈమధ్య దేవుడి గూట్లో పెట్టే ఎల్‌ఈడీ దీపాలు, అన్నింట్లో ఉంటోంది. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లో అన్నవాహికను కాల్చేయగలదు. మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. కిరోసిన్, ఫినాయిల్, దోమల మందు, కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన పురుగుమందు, ఏది తాగినా వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు పట్టకండి. సీసాను వెంట తీసుకెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. 108 అంబులెన్సు సేవ 2005లో మొదలైంది హైదరాబాద్‌లోనే, ఇప్పుడు ఆ నంబరు తెలియని పల్లె లేదు. అయినా భయంలో నోటికి రాదు, రాసిపెట్టుకోవాలి.

డబ్బా ఎక్కడ, మూత లోపల ఏముండాలి

వంటింట్లో వద్దు, బాత్రూంలో వద్దు, ఫ్రిజ్ నెత్తి మీద అసలు వద్దు. చాలా సీసాల మీద 30 డిగ్రీల లోపు ఉంచాలని రాసి ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఆ మూడు చోట్లా అంతకు మించే ఉంటుంది. పడకగదిలో బీరువా పై అరే మేలు. పాకే బిడ్డ నెలలు గడవకుండానే కుర్చీ ఎక్కుతుంది, అందుకే పైన. తాళం వేస్తే ఆ చెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

మూత లోపలి వైపు ఒక కార్డు అతికించండి. బిడ్డ బరువు, తూచిన తారీఖు, ఇంట్లో ఉన్న సీసాకు డోసు ఎన్ని మిల్లీలీటర్లో. ఇది టీకాకు వెళ్ళిన ప్రతిసారీ మారాలి. ఆరు వారాల వరకు ఆశా కార్యకర్త ఇంటికే వస్తుంది, ఆమె దగ్గర తూకం ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, గుండె జబ్బు ఉన్న బిడ్డ అయితే ఈ అంకెలు డాక్టరు చేత్తోనే రాయించుకోవాలి.

దాని కింద ఆసుపత్రికి బయల్దేరే గుర్తులు. పాలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, డొక్కలు ఎగరడం, పెదాలు నీలంగా మారడం, ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం, ఆరు గంటలైనా పాస్ పోయకపోవడం, నడినెత్తి మీద మాడు గుంటపడటం లేదా ఉబ్బడం. ఊపిరి లెక్క కూడా రాయండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఫోనులో టైమర్ పెట్టి నిండా ఒక నిమిషం పొట్ట కదలికలు లెక్కపెడితే, రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50 లేదా అంతకు మించి ఉంటే అది మామూలు జలుబు కాదు. రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో పగలే కనుక్కుని, దాని నంబరు కూడా అక్కడే రాయాలి. చాలా పట్టణాల్లో పొద్దున కిటకిటలాడే క్లినిక్ రాత్రి తొమ్మిదికల్లా తాళం వేసి ఉంటుంది.

మిగిలిన ఖాళీలో రెండు గళ్ళు గీయండి. ఏ మందు, ఎన్ని గంటలకు. పగలు అమ్మమ్మ దగ్గర, సాయంత్రం నాన్న దగ్గర, రాత్రి అమ్మ దగ్గర ఉండే బిడ్డకు ఇంతకుముందు ఎవరు ఎప్పుడు పోశారో అడిగితే ముగ్గురూ మూడు మాటలు చెబుతారు. పోసిన వాళ్ళే, సిరంజి కడిగేలోపు, అక్కడ టైము రాయాలి.